దిగే దారి

"ఈ వానలో కొండకా? గడప దాటావంటే నా మీద ఒట్టే!"

అత్తగారు తలుపుకు అడ్డంగా నిలబడింది. కోడలు వంగి బూట్ల తాళ్లు బిగించుకుంటోంది.

"ఒక్కసారి అత్తయ్యా. ఆయన పడిన చోటు కళ్లారా చూసి వచ్చేస్తాను."

"చూసి ఏం చేస్తావు? ఆ కొండ నా కొడుకును మింగింది చాలదా? మందుల షాపులో కూర్చునే దానివి నువ్వు. అన్నదమ్ములిద్దరూ అంటే చిన్నప్పటి నుంచి ఆ దారిలో పరుగులు తీసినవాళ్లు."

"మెల్లగానే వెళ్తాను."

"పోనీ, వానలు వెలిశాక వెళ్లు."

"ఆయన వెళ్లిందీ ఇలాంటి వానలోనేగా."

వెనక గదిలోంచి మరిది వచ్చాడు. అన్న పోయిన దగ్గర నుంచి మనిషి సగమయ్యాడు.

"నేనూ రానా వదినా?" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"వద్దు. నువ్వు అమ్మ దగ్గరుండు," అని అత్తగారి చెయ్యి నెమ్మదిగా తప్పించి బయటపడింది. ఇంకా సరిగ్గా తెల్లవారలేదు.

లోయ మొదట్లో ఫారెస్టు చౌకీ. అది దాటాక వాగు పక్కనే సన్నటి బాట. వాగు వెనకబడ్డాక అంతా రాళ్లే. చేతులు కూడా ఆనించి పాక్కుంటూ ఎక్కింది. చివరికి కొండ వెన్ను మీదికి చేరింది. రెండు పక్కలా పొగమంచు. మధ్యలో ఒక్క మనిషి పట్టేంత దారి.

భర్త పడిన చోట ఆయనతో కలిసి కొండ పరుగులు తీసేవాళ్లు పేర్చిన రాళ్ల కుప్ప ఉంది. దాని పక్కన కూర్చుంది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. కాలు విరిగి, రక్తం కారుతుంటే, తమ్ముడు సాయం తెస్తాడని ఆయన ఎదురుచూసింది ఇక్కడే. ఆ రాళ్ల మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

కింద ఊళ్లో మిల్లు పన్నెండు గంటల కూత వేసింది. ఆ వెంటనే ఆకాశం ఉరిమింది. ఆమె లేచి గబగబా దిగడం మొదలుపెట్టింది. నడక కాస్తా పరుగైంది. రెండుసార్లు పడింది. మోకాలు చెక్కుకుపోయింది. వాగు హోరు వినిపించాకే ప్రాణం కుదుటపడింది. రొప్పుతూ వచ్చి చౌకీ అరుగు మీద కూలబడింది.

గోడ గడియారంలో ఇంకా ఒంటిగంట కాలేదు.

"ఇది ఆగిపోయిందా?" అని అడిగింది గార్డును.

"లేదమ్మా, బాగానే నడుస్తోంది. కూర్చోండి, టీ పెడతాను," అని అతను లోపలికెళ్లాడు.

మళ్లీ చూసింది. ముల్లు కదులుతూనే ఉంది.

"ఆగకుండా పరిగెత్తాను వదినా. ఆ వానలో దారి తరగలేదు. చౌకీకి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది," అని ఏడ్చాడు మరిది ఆ రోజు. ఒక్క గంట ముందు తెచ్చినా బతికేవాడన్నాడు డాక్టరు.

తను గంటలోపే దిగిన దారికి వాడికి మూడు గంటలా? ఎక్కడ కూర్చుండిపోయాడు? ఎందుకు? నేరుగా ఇంటికెళ్లి వాడి చొక్కా పట్టుకుని అడగాలనుకుని లేచింది.

ఎదురుగా గొడుగు వేసుకుని అత్తగారు వస్తోంది. దగ్గరికొచ్చి, చంకలోని తువ్వాలు తీసి కోడలి తల తుడవడం మొదలుపెట్టింది.

"దిగడానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అంది తుడుస్తూనే.

కోడలు ఆ ముఖంలోకి చూసింది. ఈవిడకు ఇక మిగిలింది వాడొక్కడే.

"మూడు గంటల పైనే అత్తయ్యా. పాపం, ఆ రోజు మరిది ఎంత అవస్థ పడ్డాడో ఇప్పుడు తెలిసింది."

తల తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

"నా దగ్గర దాచకు తల్లీ. నీకు తెలియకూడదనే పొద్దున తలుపుకు అడ్డం నిలబడ్డాను," అంది అత్తగారు. "మొన్నటి ముసురులో, నువ్వు షాపుకెళ్లాక నేనూ ఎక్కొచ్చాను. ఈ మోకాళ్లతో, కర్ర పట్టుకుని, కూర్చుంటూ లేస్తూ దిగినా నాకు రెండు గంటలు పట్టలేదు."