జీన్సుకు జాకెట్టు హుక్కులు

"ఏందే గిది? జీన్సు ప్యాంటుకు జాకెట్టు హుక్కులు పెడ్తున్నవా?"

రాజమల్లు పొట్ట పట్టుకుని నవ్వాడు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న అతని భార్య సుమిత్రమ్మ నాలుక కరుచుకుంది. ఏళ్ల తరబడి ఎడపల్లి ఆడవాళ్లకు జాకెట్లు కుట్టిన చెయ్యి మరి! జిప్పు రావాల్సిన చోట అలవాటు కొద్దీ హుక్కులు వరసగా కుట్టేసింది.

"నవ్వింది సాలు తియ్యి. మొదటిసారి కుడుతున్న, తప్పులు రావా?" అంటూ హుక్కులన్నీ విప్పడం మొదలుపెట్టింది.

పైకి నవ్వాడే గానీ రాజమల్లుకు లోపల ఒకటే గుబులు. పోయిన దసరాకు వెనక వీధి చిన్నయ్య కోడలు జీన్సు తొడుక్కుని ఊళ్లోకి వస్తే, చాయ్ హోటల్ దగ్గర నలుగురిలో తనే మీసం మెలేసి మరీ అన్నాడు, "మా ఇంట్ల ఆడోళ్లు గిసొంటిది తొడిగితే మీసం తీసేస్త!" అని. ఇప్పుడు చూస్తే నిజామాబాద్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న కూతురు నిఖిత రోజూ ఫోన్లో తల్లికి జీన్సు కుట్టడం నేర్పిస్తోంది. తల్లేమో ఇల్లంతా నీలం బట్ట పరుచుకుని కూర్చుంది. ఇది ఎటు పోతుందో అతనికి తెలియదా? పరువు బజారున పడేలా ఉంది.

"గిదంత అవుసరమా? సక్కగ చుడీదార్లు లేవా?"

"అవుసరమున్నది గనుకనే కుడుతున్న," అంది సుమిత్రమ్మ తలెత్తకుండా. ఆమె కాళ్లు మిషన్ తొక్కుతూనే ఉన్నాయి. నిరుడు చెరుకు ఆకు కోసిన గీతలు పిక్కల మీద ఇంకా నల్లగా ఉన్నాయి.

అన్ని మడతలూ ఒకచోట కలిసే దగ్గర సూది టక్కున విరిగింది. సుమిత్రమ్మ లేచి వెళ్లి పచ్చడి నూరే బండ తెచ్చింది. బట్టను నేల మీద పెట్టి దబదబా బాదసాగింది.

"కోపమొస్తే నన్ను తిట్టు. గా బట్టేం జేసింది?"

"కోపం కాదయ్యా. మడతలు అణిగితేనే సూది దిగుతదట. నిఖిత చెప్పింది. జర ఎనకకెల్లి పట్టు."

పట్టనంటే ఊరుకునే మనిషి కాదు ఆమె. రాజమల్లు గొణుక్కుంటూనే పట్టాడు. బట్ట గోనెసంచిలా మొండిగా ఉంది. మిషన్ మూలిగింది, ఆగింది, మళ్లీ కదిలింది. నీలం బట్ట మీద పసుపు దారం సూటిగా సాగిపోయింది.

"అరె! దుకాణంలది లెక్కనే వచ్చిందే!"

ఇంకేముంది, ఆ క్షణాన పడిపోయాడు మనిషి. మర్నాడు ఎవరూ చెప్పకుండానే బోధన్ పోయి లావు సూదులు, ఇత్తడి గుండీ పట్టుకొచ్చాడు. గుండీ తానే సుత్తితో కొట్టాడు. బొటనవేలి మీద కూడా ఒకటి కొట్టుకున్నాడు, అది వేరే సంగతి.

"నడుము జర ఎక్కువైనట్టుందే?"

"వంగితే, లేస్తే ఆడాలె గద."

"మోకాళ్లకు రెండు పొరలెందుకు మల్ల?"

"బలంగుండాలె."

"కాలేజీల బల్ల మీద కూసునేదానికి గింత బలమెందుకే!"

సుమిత్రమ్మ దారం కొరుకుతూ నవ్వింది.

ప్యాంటు పూర్తయ్యి దండెం ఎక్కింది. పక్కింటి రాములవ్వ వచ్చి దాన్ని తడిమి తడిమి చూసింది.

"ఏ దుకాణంల తెచ్చిండ్రు బిడ్డా?"

"దుకాణం కాదవ్వా! మా సుమిత్ర కుట్టింది. గుండీ నేను కొట్టిన!" అన్నాడు రాజమల్లు ఛాతీ పొంగించి.

అంతటితో ఆగితే రాజమల్లు ఎందుకవుతాడు? చాయ్ హోటల్‌కు పోయి అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాడు. చిన్నయ్య ఆ రోజు కోసమే కాచుకుని ఉన్నాడు.

"మంచిదే రాజన్నా. మరి మీసం సంగతేంది?"

అందరూ గొల్లుమన్నారు. అంతకు ముందైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడు మాత్రం కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"తీస్త! ఎందుకు తియ్య? నా పెండ్లాం చేతి పని ముందట గీ మీసమెంత!"

అన్నట్టుగానే నున్నటి మూతితో ఇంటికొచ్చాడు. సుమిత్రమ్మ గుర్తుపట్టలేనట్టు చూసి, పడీపడీ నవ్వి, ఆఖరుకు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గింత పని చేసినవా!"

"చేసిన. నవ్వెటోళ్లను నవ్వనియ్. రేపు పొద్దుగాల గీ ప్యాంటు తొడుక్కొని ఊరి నడుమకెల్లి నడువాలె. నేను ముందట నడుస్త."

"నిజంగనా? మాట తప్పవు గద?"

"మీసమే ఇచ్చిన. ఇంక మాటెక్కడ తప్పుత?"

తెల్లవారి ఆదివారం. నిఖిత మొదటి బస్సుకే దిగింది. తల్లీకూతుళ్లు లోపలికి పోయి తలుపేసుకున్నారు. రాజమల్లు వాకిట్లో కుర్చీలు వేసి చిన్నయ్యను, రాములవ్వను కూర్చోబెట్టాడు. ఇంత గర్వం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు.

"సూడుండ్రి, ఎట్లుంటదో!"

గడియ తీసిన చప్పుడైంది. నిఖిత బయటికొచ్చింది, వచ్చినప్పటి చుడీదార్‌లోనే.

"ఏంది బిడ్డా, జీన్సు తొడగలేదా?"

"నాకెందుకు బాపూ? హాస్టల్‌ల నాకు రెండున్నయ్ గద!"

రాజమల్లు చెయ్యి లేని మీసం మీదికి పోయింది.

ఆ వెనకే జీన్సు తొడుక్కుని, చేతిలో కొడవలితో, చెరుకు కోతకు గడప దాటింది సుమిత్రమ్మ.