నీడపట్టు మొక్క

జగ్గయ్యపేట బస్సు దిగిన ముసలాయనొకడు నందిగామలో భారతీదేవి ఇంటి గేటు తీసుకుని లోపలికొచ్చాడు. చెప్పాపెట్టకుండా వాకిట్లో ఎండకి ఉన్న పామ్ మొక్క కుండీని ఎత్తి వరండాలో పెట్టేశాడు.

ఇంకేముంది, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

అది మామూలు మొక్కా? జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే ఒక్కగానొక్క కొడుకు ప్రసాద్ నిరుడు లారీ కింద పడి పోతే, వాడి క్వార్టర్సు నుంచి ట్రంకుపెట్టెతో పాటు వచ్చిన మొక్క. దాన్ని చూసుకునే ఆవిడ బతుకుతోంది.

అందుకే మిరపతోటకి చేసినట్టే దీనికీ చేసింది. మంచి ఎండలో పెట్టించి గుప్పెడు యూరియా వేసింది. ఆకులు పండుబారుతుంటే ఇంకో గుప్పెడు వేసింది.

"దీనికి ఎండ పడదమ్మా. ఇంట్లో కిటికీ పక్కన పెట్టినా బతుకుతుంది. యూరియా అసలొద్దు. మట్టి ఆరాకే నీళ్ళు పొయ్యండి," అన్నాడు ముసలాయన, ఆకుల మీద దుమ్ము తుడుస్తూ.

యాభై ఎకరాలు సేద్యం చేయించేదానికి నువ్వు చెప్పొచ్చావా అంది భారతీదేవి. పేరేంటని అడిగింది.

"బాలస్వామండి."

పేరు వినగానే ఏ వాడ మనిషో తెలిసిపోయింది. వీణ్ణి వరండా ఎక్కనిచ్చిందెవరని పాలేరు బసవయ్య మీద విరుచుకుపడింది.

ముసలాయన గబగబా కిందికి దిగాడు. మా అమ్మాయి ఈ మొక్క మీద బెంగ పెట్టుకుంది, ఒక్క పిలక ఇప్పించండి అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలన్నాడు. ఎవరు వినిపించుకున్నారు గనక! బసవయ్య మెడబట్టి గేటవతలకి తోశాడు.

మైలపడిందని ఆవిడ కుండీని పసుపునీళ్ళతో కడిగించి, మళ్ళీ నడివాకిట్లో పెట్టించింది. అసలే రోహిణి కార్తె. పదిరోజుల్లో మొక్క నిలువునా ఎండిపోయింది.

కొడుకు మళ్ళీ చచ్చిపోయినట్టు ఏడ్చింది. ఆ ముసలాడి చెయ్యి తగలబట్టే మొక్క పోయిందని వీధంతా చెప్పుకొచ్చింది.

నెల తిరిగాక, ప్రసాద్‌తో పనిచేసిన ప్రేమానందం పలకరించడానికొచ్చాడు. ఎండిన కుండీ చూసి, ఫ్యాక్టరీ తోటమాలి బాలస్వామి గారు పెంచిచ్చిన మొక్క కదండీ అన్నాడు. ఆయన మీ దగ్గరికి రాలేదా అని అడిగాడు.

వచ్చాడు, గెంటించానంది.

అయ్యో, ఎంత పని చేశారమ్మా అన్నాడు ప్రేమానందం. కూతుర్నీ, ఆర్నెల్ల మనవణ్ణీ తీసుకుని బాలస్వామి ఊరొదిలి పోయాడట. ఎక్కడికో ఎవరికీ తెలీదట.

"పోతే పోనీ, నాకేంటి?" అంది భారతీదేవి.

"ప్రసాద్ ఆ అమ్మాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడమ్మా, మీకు చెప్పేలోపే పోయాడు," అన్నాడు ప్రేమానందం. "మీ మనవణ్ణి మీకు తెచ్చి చూపించమంటారా అని అడగడానికే ఆ రోజు మీ వియ్యంకుడు ఇక్కడికొచ్చాడు."