మొహం మీద లైటు

"మొహం మీద ఇంకో లైటు కావాలి" అన్నారు ప్రొఫెసరు గారు.

ఇంజినీరుకి ఒళ్లు మండింది. నిచ్చెన మీదున్న ఎలక్ట్రీషియన్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

"సార్, ముందు వైపు లైటు వెలుగుతుంటే తెర మీద బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది. పిల్లలు చూడాల్సింది తెరని కదా?"

"తెర ఎలా ఉన్నా ఫర్వాలేదు. నా మొహం మాత్రం చీకట్లో ఉండకూడదు."

"ఎందుకో కాస్త చెప్తే..."

"చెప్పడానికి ఆ కారణం నాది కాదండీ" అనేసి ఆయన వెళ్లిపోయారు.

యూనివర్సిటీ తరగతి గదుల్లో తెరలూ మైకులూ కెమెరాలూ అమర్చే పని ఇంజినీరుది. ఈ పెద్ద హాలు ప్లాను కోసం ఏడాదిగా తల బద్దలు కొట్టుకున్నాడు. దాని గొప్పంతా ఒక్క బటన్‌లో ఉంది. పాఠం చెప్పేవాళ్లు అది నొక్కితే చాలు, తెర దిగుతుంది, ప్రొజెక్టర్ వెలుగుతుంది, లైట్లు ఆరిపోతాయి. స్విచ్చుల కోసం గోడలు తడుముకునే బాధ ఉండదు. హాలు తెరిచే రోజున వైస్ ఛాన్సలర్ వచ్చి చూస్తారు. నచ్చితే మిగతా హాళ్లన్నీ ఇతని ప్లాను ప్రకారమే. నచ్చకపోతే పనంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తారు, ఇతను మళ్లీ పాడైన మైకులు బాగు చేసుకుంటూ మూల గదిలో కూర్చోవాలి.

మొదటి పాఠం ఈయనది కాకపోతే అంతా సవ్యంగానే ఉండేది.

ముందు మైకు దగ్గర మొదలైంది. బల్ల మీద స్టాండుకి చక్కగా బిగించిన మైకుని చూసి "నోటికి అడ్డం, తీసెయ్యండి" అన్నారు. సరే, కాలరుకి తగిలించుకునేది తెప్పించాడు. తర్వాత గోడకున్న డిజిటల్ బోర్డు మీద పడ్డారు. దాని మీద రాయాలంటే పిల్లలకి వీపు చూపించాలట. బల్ల మీదే పెట్టుకుని రాసే పలక లాంటిది కావాలట. అదీ అయింది. ఆ పైన కెమెరా. పాఠం రికార్డు చేసేటప్పుడు స్లైడులతో పాటు తన మొహం కూడా పెద్దగా పడాలన్నారు.

"ఎంత పెద్దగా సార్?"

"మీ చేతనైనంత."

ఆ రోజుతో ఆయనకి 'హీరో గారు' అని పేరు పడిపోయింది.

పోయిన వారం మరీ విడ్డూరం. ఏళ్ల తరబడి యూనివర్సిటీ అంతా ఎరిగిన ఆయన గుబురు మీసం మాయమైంది. నున్నగా గీయించుకుని వచ్చారు. "మేకప్ మనిషి ఎప్పుడొస్తాడో" అని ఎలక్ట్రీషియన్ గొణిగితే ఇంజినీరు దగ్గుతో నవ్వు కప్పుకున్నాడు.

ఇంటికెళ్లి భార్య దగ్గర కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

"రిటైరవ్వబోతున్న మనిషికి ఇదేం పిచ్చే! అద్దం ముందు నుంచి కదలడేమో!"

"పోనిద్దురూ, ముచ్చట పడుతున్నారు. ఒక్క లైటేగా?"

"కుండెడు పాలు విరగడానికి ఉప్పుకల్లు కూడా ఒక్కటి చాలు."

"ఆయనకి మొహం పిచ్చి, మీకు తెర పిచ్చి. దొందూ దొందే" అని ఆవిడ పళ్లెం ముందుకి తోసింది. "ముందు తినండి."

తిన్నాడు గానీ కడుపు మంట చల్లారలేదు. ఏడాది కష్టం ఒక ముసలాయన సోకుకి బలైపోతోంది. ఏడుపొక్కటే తక్కువ.

హాలు తెరిచే రోజు అందరికంటే ముందే వెళ్లాడు. ఆ దిక్కుమాలిన లైటు ఒక్కటే బటన్‌తో సంబంధం లేకుండా విడిగా ఉంది. దాని వైరునీ తీసుకెళ్లి బటన్‌కి కలిపేశాడు. అడిగితే ఏదో లూజు కనెక్షన్ అని చెప్పొచ్చు. రేపు మళ్లీ విడదీసేస్తే సరి. వైస్ ఛాన్సలర్ చూసేది ఈ ఒక్క పూటే కదా!

హాలు కిక్కిరిసిపోయింది. వైస్ ఛాన్సలర్ చివరి వరసలో కూర్చున్నారు, పక్కనే ఇంజినీరు. ప్రొఫెసరు కాసేపు మాట్లాడి బటన్ నొక్కారు. తెర దిగింది. లైట్లన్నీ ఆరిపోయాయి, ఆ లైటుతో సహా. చీకట్లో తెర మీద బొమ్మ ధగధగలాడింది. కాలరు మైకులోంచి ఆయన గొంతు చివరి వరస దాకా ఖంగుమంటూ వచ్చింది.

"భేష్!" అన్నారు వైస్ ఛాన్సలర్.

ఇంజినీరుకి ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో ప్రొఫెసరు మాట మధ్యలో ఆగిపోయారు. "ఒక్క నిమిషం... ఆ లైటు..." అంటూ బల్ల అంచులన్నీ తడుముతున్నారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంజినీరు వినపడనట్టు కూర్చున్నాడు. తనని పెట్టిన ముప్పుతిప్పలకి ఆ మాత్రం అనుభవించాల్సిందే.

"ఎవరైనా కాస్త ఆ లైటు వెయ్యండి బాబూ!" ఈసారి ఆయన బతిమాలారు.

'హీరో గారికి ఊపిరాడటం లేదు పాపం' అనుకున్నాడు ఇంజినీరు.

అప్పుడు మొదటి వరసలోంచి ఒకమ్మాయి లేచి, నిండు హాల్లో, "లైటు వెయ్యండి సార్, మీ పెదాలు కనపడకపోతే నాకు పాఠం వినపడదు" అంది.