సంచి బయటపెట్టిన చెంబు

మాణిక్యాంబ వదినా నేనూ నల్లమలలో రెండు రోజుల నడకకి బయల్దేరాం. వదినకి ప్రయోగశాలలో పెంచిన కొత్త గుండె పెట్టి మూడు నెలలే అయింది. అడవి గేటు దగ్గర అందరి సంచుల్లాగే నా మాట్లాడే సంచీ తన బరువు తానే చూసుకుని గట్టిగా చెప్పింది.

"బరువు ఎక్కువైంది. సీలు విప్పని కాశీ గంగ చెంబు ఉంది. దాహానికి కాదు, పోయేవాళ్ల నోట్లో పోయడానికి. తీసేయనా?"

వెనక వరుసంతా విన్నారు. నేను తలెత్తలేకపోయాను.

"రెండు రోజుల్లోనే నన్ను సాగనంపేద్దామనుకున్నావుటే?" అంది వదిన.

"అమ్మకీ, మా ఆయనకీ పోయేముందు ఈ గంగ అందలేదు వదినా..."

వదిన చెంబు లాక్కుని, సీలు ఊడబీకి, గటగటా తాగేసి మూతి తుడుచుకుంది.

"బరువు తగ్గిందిగా, పద."

సంచి సరేనంది. ఆమె పక్కన నడిచే మొహం లేక నేను వెనకే నడిచాను.