షెడ్డుకు అడ్డొచ్చిన చెట్టు

"ఇంకా ఎంతసేపు నానుస్తారు? కొట్టించేయండి, పీడా పోతుంది," అంది ఆమె చీపురు నేలకేసి కొడుతూ.

"కొట్టిస్తానన్నది నేను. మధ్యలో నీ తొందరేమిటి?" అన్నాడు భర్త.

"రాత్రి నుంచి అంటూనే ఉన్నారు. గేటు దగ్గర చెట్లు కొట్టే మనిషి రంపం పట్టుకుని పడిగాపులు పడుతున్నాడు పాపం."

వాకిట్లో బాదం చెట్టు. దాని పక్కన ఆయన మొన్ననే కొన్న పాత కారు. కారుకు షెడ్డు కావాలి, షెడ్డుకు చెట్టు అడ్డం.

ఆఫీసులో ఆయన మాట ప్యూను కూడా వినడు. చెల్లుబాటయ్యే చోటు ఈ ఇల్లొక్కటే. ఇక్కడ మాత్రం ఆమె అన్నది దేన్నీ ఆయన సాగనివ్వడు. వంటింటికి తూర్పున కిటికీ ఎందుకు, దుమ్ము తప్ప అందామె. గోడ పగలగొట్టి మరీ పెట్టించాడు. ఆడపిల్లకు చదివిన చదువు చాలంది. పంతం పట్టి కూతుర్ని నర్సింగులో చేర్పించాడు. ఇప్పుడా పిల్లకు ఆసుపత్రిలో ఉద్యోగం. "నీ మాట వినుంటే కొంప మునిగేది," అని నేటికీ దెప్పుతాడు. ఆమె తల వంచుకుని వింటుంది.

ఆమెకు ఆ చెట్టంటే గిట్టదని వీధి వీధంతా తెలుసు. ఊడ్చినంతసేపూ దాన్ని తిడుతుంది. తూము దాకా ఎవరు మోస్తారంటూ బియ్యం కడిగిన నీళ్ళు విసురుగా దాని మొదట్లోనే కుమ్మరిస్తుంది. ఆయన తన పేరు పలకను మానుకు మేకులతో దిగ్గొడితే, తుప్పు బట్టలకు అంటుతుందని పీకి గోడకు తగిలించింది.

ఇంతలో ఆమె ఫోను మోగింది. అక్క. అక్కది సముద్రం ఒడ్డున ఊరు. ఆమె పెరట్లోకి నడిచింది.

"ఎప్పుడొస్తావే? నాలుగేళ్ళుగా రేపూ మాపూ అంటున్నావు!"

"నాకూ ప్రాణం అక్కడే ఉందక్కా. ఇక్కడ ఒక్క పని తేలాలి. తేలగానే వచ్చి నెల రోజులుంటాను."

తిరిగొచ్చేసరికి అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. "చెట్టు పోతే నేనెక్కడ కూర్చోవాలిరా?" అంటోంది.

"లోపల ఫ్యాను కింద కూర్చోండి అత్తయ్యా," అంది ఆమె. భర్త వైపు తిరిగి, "ఏమండీ, పైపైన కొట్టిస్తే లాభం లేదు. వేళ్ళతో సహా పెకలించి, పైన సిమెంటు పోయించండి. ఈ జన్మకు ఆకులు ఊడ్చే బాధ తప్పుతుంది నాకు," అంది.

"ఓహో! బద్ధకమా సంగతి!"

"బద్ధకమే అనుకోండి. ఈ ఒక్కసారైనా నా మాట నెగ్గనివ్వండి."

ఆయన ముఖం ఎర్రబడింది. "నీ మాటా? చెట్టంటే నీకేం తెలుసే? ఊరికి ఊపిరి! ఈ వీధిలో మిగిలిందే ఇదొక్కటి. చీపురు పట్టుకున్నవాళ్ళంతా చెప్పేవాళ్ళే!" నిన్నటి పేపర్లో చదివిన నాలుగు ముక్కలూ గొంతు చించుకుని అప్పజెప్పాడు. నిన్న అవే ముక్కలు చదివి ఆవలించి, పేపరుతో కారు అద్దం తుడిచాడు.

"ఇంతకీ కొట్టమంటారా, వద్దంటారా సారూ?" అన్నాడు రంపం మనిషి.

"చెట్టు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. వెళ్ళవయ్యా!"

భోజనాల దగ్గర ఆయన చాలా హుందాగా ఉన్నాడు. అమ్మనూ కూతురినీ చూసి, "ఆ చెట్టు మన తర్వాత కూడా ఉంటుంది. కారు ఎండలోనే ఉండనీ," అన్నాడు. మంచినీళ్ళు తాగుతున్న కూతురికి పొలమారింది.

"అంతేలెండి. నా మాట చెల్లిందెప్పుడు గనక," అంటూ ఆమె మూతి ముడుచుకుని వడ్డించింది. "మంచికి చెప్పినా చెడ్డదాన్నే."

"మంచేమిటో తేల్చడానికి నేనున్నాను," అన్నాడాయన, పెరుగు కలుపుకుంటూ.

ఆమె గిన్నెకు మూత పెట్టి, అందరి విస్తళ్ళ వైపూ ఒకసారి చూసి, నెమ్మదిగా అంది:

"అక్క ఒకటే పిలుస్తోంది గానీ, ఆ సముద్రం ఊరికి నేను చచ్చినా వెళ్ళను."