దరియాలతిప్ప తూము

జీపు చప్పుడు వినగానే పాపాయమ్మ చేతిలోని చేపల తట్ట జారింది.

జీపు గట్టు మీద ఆగింది. కంట్రాక్టరు సూర్యనారాయణ దిగాడు. వెనకే అతని మనుషులు దిగారు. అప్పటిదాకా దరియాలతిప్ప పేటలో వినిపిస్తున్న మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎనభై ఆరు వరదలో తెగిన గట్టుకి కొత్త తూము కడుతున్నది అతనే. ఆ తూము గోడల్లో ఇనుము లేదని ఎవరో యానాం వెళ్లి గవర్నమెంటు ఆఫీసులో చెప్పారు. మర్నాడు విచారణ. పాండిచ్చేరి నుంచి ఇంజనీరు వస్తున్నాడు.

చెప్పింది ఎవరో కంట్రాక్టరుకి తెలియదు. తనేనని పాపాయమ్మకి తెలుసు.

అతను తిన్నగా ఆమె చేపలు ఆరబోస్తున్న చోటికే వచ్చాడు. ఆమె తల ఎత్తలేదు.

“ఏమ్మా, ఎవరు చెప్పారో నీ చెవినేమైనా పడిందా?”

“నాకేటి తెలుస్తాది నాయనా.”

“వీళ్లందరికీ పని చూపించాను. నాకే గొయ్యి తవ్వుతున్నారమ్మా. ఎవడో దొరకనీ, చెప్తాను.”

అతని గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనానికే పాపాయమ్మ ఒళ్లు చల్లబడింది. కింద పడిన చేపలు ఏరుకుంటున్నట్టు వంగింది.

కంట్రాక్టరు అక్కణ్నుంచి సెబాస్టియన్ ఇంటివైపు నడిచాడు. పని మొదలైన కొత్తలో సిమెంటు పాలు తక్కువైందని మేస్త్రీతో గొడవ పెట్టుకున్నవాడు సెబాస్టియన్ ఒక్కడే. అనుమానం పడడానికి అంతకన్నా ఏం కావాలి?

“నేను కాదు బాబుగారూ. మేరీమాత మీద ఒట్టు,” అంటున్నాడు సెబాస్టియన్.

ఎవరూ అతని మీద చెయ్యి వేయలేదు. ఒకడు మాత్రం చూరుకి వేలాడుతున్న వల దింపి, దాని మీద కిరసనాయిలు పోశాడు. ఇంకొకడు అగ్గిపెట్టె తీసి, పుల్ల గియ్యకుండా చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు.

“విచారణ కానీ. ఆ తర్వాత నీ సంగతి,” అన్నాడు కంట్రాక్టరు. జీపు వెళ్లిపోయింది. కిరసనాయిలు వాసన మాత్రం పేటంతా ఉండిపోయింది.

పొద్దు వాలుతుండగా సెబాస్టియన్ పెళ్లాం తెరేసా వచ్చి పాపాయమ్మ గుమ్మంలో కూలబడింది.

“మా ఆయన కాదత్తా. ఆయన యానామే ఎల్లలేదు. నువ్వొక్క మాట సెప్పత్తా. పెద్దదానివి, నీ మాటైతే ఇంటాడు.”

పాపాయమ్మ ఆమె రెక్క పట్టుకుని లేపింది.

“సెప్తావా?”

“సూద్దారే. ముందు నువ్వు ఇంటికెల్లు. పిల్లలు బెంగెట్టుకుంటారు.”

తెరేసా వెళ్లగానే తలుపు గడియ పెట్టుకుంది. గోదారి చప్పుడు వినిపిస్తోంది. వరదనాడు తెరేసా అత్తగారూ తనూ ఒకే కొబ్బరిచెట్టుని వాటేసుకున్నారు. తెల్లారేసరికి తనొక్కతే మిగిలింది. ఆ ముసలిదాని చెయ్యి తన చేతిలోంచి జారిపోయిన తీరు అరచేతికి ఇంకా గుర్తే.

యానాం ఆఫీసులో తన ఫిర్యాదు విన్న పెద్దమనిషి చెప్పిన మాటా గుర్తొచ్చింది. “గట్టు గవర్నమెంటుది అనుకుంటారు మీరంతా. కాదమ్మా, మీది. మీరు చూస్తూ ఊరుకుంటే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?” తను తల ఊపింది. పేరు అడిగితే మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు బడి అరుగు మీద కుర్చీలు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. గునపాలతో తూము గోడ పగలగొట్టి చూస్తే కంకర, ఇసక తప్ప చువ్వ అనేది కనపడలేదు.

కంట్రాక్టరు తెల్లబట్టల్లో నిలబడి ఉన్నాడు. ఏమీ తొణకలేదు.

“ఇనుము దింపాను సార్. గోడ కట్టకముందే దొంగలు ఎత్తుకుపోయారు. నన్ను మోసం చేసి మేస్త్రీ పైపైన పూసేశాడు. దొంగెవడో కూడా చెప్పగలను,” అని సెబాస్టియన్ వైపు చూశాడు.

కానిస్టేబులు సెబాస్టియన్ రెక్క పట్టుకున్నాడు. తెరేసా ఏడుపు అందుకుంది.

“నిజం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి,” అన్నాడు ఇంజనీరు.

తలలన్నీ వంగిపోయాయి. పాపాయమ్మ గుంజ పట్టుకుని లేచింది.

“సెబాస్టియను కాదు బాబూ. ఆపీసుకొచ్చి సెప్పింది నేను.”

జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆమె ఆగలేదు.

“సువ్వలు దింపినోల్లే మల్లీ లారీకెక్కించారు. యానాంలో కొత్తగా మేడ లేస్తంది. ఆటిని అక్కడ సిలాబులో ఏశారు. ఏసేటప్పుడు పక్కనే నిలబడి సూశాను.”

కంట్రాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అమ్మా, కూర్చో,” అన్నాడు నెమ్మదిగా.

ఆమె గుంజ ఇంకా గట్టిగా పట్టుకుంది. కూర్చోలేదు.

ఇంజనీరు ఆమెని ఎగాదిగా చూశాడు. “ఆ మేడ దగ్గర నీకేం పనమ్మా? కంట్రాక్టరు మీద పాత కక్షలేమైనా ఉన్నాయా?”

పాపాయమ్మ కంట్రాక్టరు వైపు చూసి కొంగుతో కళ్లొత్తుకుంది.

“కచ్చేటి బాబూ, ఆ మేడ నా కోసమే కడతన్నాడు నా కొడుకు.”