పెన్సిలు కింద తేలిన నంబరు

కొండదారి ప్రయాణం పర్మిట్ ఫారానికి అంటించడానికి బైకు ఇంజను మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన పళ్ల డాక్టరు, తేలిన నంబరు తన బండిది కాదని చూసి కొయ్యబారిపోయాడు.

అలాంటి టూరింగు బండ్లు ఊళ్లో రెండే. రెండోది అతని మెకానిక్కుది. ఇంజను పాడై మూడేళ్లు మూలపడిన ఆ బండి ఈ మధ్యే మళ్లీ రోడ్డెక్కింది.

డాక్టరు కాగితం పట్టుకుని షెడ్డుకి పరుగెత్తాడు.

"అన్నా, సర్వీసు నుంచి వచ్చాక శబ్దం మారిందేమిటంటే కొత్త ఆయిలన్నావు. నీ పాడు ఇంజను నాకు తగిలించావా?"

మెకానిక్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"ఎల్లుండి కొండదారిలో రెండు వేల కిలోమీటర్లు వెళ్తున్నానని చెప్పాను. వెనక మీ చెల్లెమ్మ కూర్చుంటుందనీ చెప్పాను. లోయ పక్కన ఇంజను పట్టేస్తే మా గతేంటి? నిన్న టైర్లలో గాలి కొట్టి మరీ జాగ్రత్తగా వెళ్లిరమ్మన్నావే! ఏ నోటితో అన్నావన్నా?"

మెకానిక్ తల దించుకున్నాడు.

"మార్చింది నేనే డాక్టరూ. అతుకులేసి బిగించా. క్లినిక్కుకీ ఇంటికీ తిరగడానికి అది చాలనుకున్నా. పదకొండేళ్లుగా ప్రతి వేసవికీ ఇదే మాట చెప్తున్నావు, ఒక్కసారీ ఊరు దాటలేదు. ఈసారీ వెళ్లవనే అనుకున్నా."